పెద్ద దేశాల ఎకానమీ దేనివల్ల పెరుగుద్ది? 1990లో మన వెనకున్న చైనా ఎలా దాటిపోయింది?

అడిగినాయన ఒకే ప్రశ్నలో ఐదు పెట్టారు. ఇంతింత పెద్ద దేశాలు అసలు దేనివల్ల పెరుగుతాయి, జనాభా ఎక్కువుంటే గ్రోత్ వస్తుందా, ప్రభుత్వం ఖర్చు పెడితే వస్తుందా, చైనా మనం ఒకప్పుడు ఒకేలా ఉంటే ఇప్పుడు వాళ్ళు మనకి ఐదు రెట్లు ఎలా అయ్యారు, 2047కి మనం ధనిక దేశం అవుతామా అని. గ్రూప్స్‌కి చదువుతున్నట్టున్నారు. భూమి, శ్రమ, పెట్టుబడి, టెక్నాలజీ అని గైడ్లలో ఉంటుంది చూడండి, పరీక్షలో అదే రాసేయండి, మార్కులొస్తాయి. నేను బ్యాంకులో ఇండస్ట్రియల్ లోన్లు చూసే సెక్షన్‌లో చాలా ఏళ్ళు చేసి తర్వాత కొన్నాళ్ళు డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పాను, కాబట్టి నాకు అర్థమైన దారిలో చెప్తాను, కాస్త పొడుగవుద్ది, ఓపిక చేసుకోండి.

ఒక్క ముక్కలో అయితే ఇదీ: రోజంతా ఒళ్ళు హూనం చేసుకున్నా తక్కువ విలువ పుట్టే పని నుంచి, అదే ఎనిమిది గంటల్లో మూడు నాలుగింతల విలువ పుట్టే పనిలోకి కోట్ల మంది మారితే పెద్ద దేశం పెరుగుద్ది. పెట్టుబడి, చదువు, కరెంటు, రోడ్లు, చట్టాలు, ఎగుమతులు, మీ గైడ్లో ఉన్నవన్నీ ఈ మార్పుకి దారిచ్చేవో అడ్డం పడేవో. ఆ మారడం దాదాపు అయిపోయిన అమెరికా, జపాన్ లాంటి దేశాలకి వేరే లెక్క, అది కిందకి వస్తుంది.

ముందు జనాభా సంగతి తీసేద్దాం. జనం ఎక్కువుంటే మొత్తం జీడీపీ పెద్దగా కనపడుద్ది, అంతే. 1950 నుంచి 1980 దాకా మన జీడీపీ ఏడాదికి 3.5 శాతం చొప్పున పెరిగింది, రాజ్ కృష్ణ అనే ఆర్థికవేత్త దానికి 'హిందూ రేట్ ఆఫ్ గ్రోత్' అని వెటకారంగా పేరు కూడా పెట్టాడు. అందులో జనాభా పెరుగుదలే 2 శాతం పైన, ఇంక మనిషికి మిగిలింది ఒకటిన్నర లోపు. ఆ స్పీడ్‌లో మనిషి ఆదాయం రెట్టింపు కావాలంటే యాభై ఏళ్ళు పట్టుద్ది, అంటే తాత సంపాదించినదానికి డబుల్ మనవడు సంపాదిస్తాడన్నమాట. అదే తలసరి 7 శాతం అయితే పదేళ్ళు చాలు. వినడానికి ఐదారు శాతం తేడానే, ఇరవై ముప్పై ఏళ్ళు చక్రవడ్డీ కట్టి చూస్తే దేశం దేశమే మారిపోద్ది, చైనా విషయంలో జరిగింది సరిగ్గా అదే.

ప్రభుత్వం ఖర్చు గురించి కూడా రెండు మాటలు. ఖర్చు పెంచినా వడ్డీ తగ్గించినా వచ్చే ఊపు ఏడాది రెండేళ్ళది. మిషన్లు ఖాళీగా ఉండి, మనుషులు పని లేక కూర్చున్నప్పుడు అది పనిచేస్తుంది, కోవిడ్ తర్వాత పనిచేసింది కూడా. కానీ ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే దేశం ఎంత చేయగలదో అంతే చేస్తుంది, నోట్లు ఎక్కువ కొట్టినంత మాత్రాన చేయగలిగింది పెరగదు, ధరలు పెరుగుతాయి. ఖర్చు దేనిమీద పెట్టారన్నదే ముఖ్యం. కేంద్రం 2024-25 బడ్జెట్‌లో క్యాపెక్స్‌కి, అంటే రోడ్లు, రైల్వే లాంటి ఆస్తులు కట్టడానికి, 11.11 లక్షల కోట్లు పెట్టింది, దాంట్లో వేసిన రోడ్డు మీద పదేళ్ళ తర్వాత లారీలు తిరుగుతుంటే అది గ్రోత్, తిరక్కపోతే ఆ సంవత్సరం జీడీపీలో ఒక లైను.

ఇప్పుడు చైనా. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 1990లో మన తలసరి ఆదాయం 370 డాలర్ల దగ్గర ఉంటే వాళ్ళది 320 దగ్గర, అంటే మనమే ఒక అడుగు ముందు. 2024కి వాళ్ళు 13 వేల డాలర్లు దాటారు, మనం 2,700 దగ్గర ఉన్నాం. చాలామంది దీన్ని ఫ్యాక్టరీల దగ్గర మొదలుపెడతారు, అసలు మొదలైంది పొలాల్లో. 1978 చివర్లో అన్హుయి రాష్ట్రంలో షావోగాంగ్ అనే ఊళ్ళో పద్దెనిమిది మంది రైతులు దొంగచాటుగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. అప్పటిదాకా భూమంతా కమ్యూన్‌ది, పండింది అందరిదీ, కాబట్టి ఎవడూ ఒళ్ళొంచి చేసేవాడు కాదు, తిండికి లేక అడుక్కోడానికి పోయేవాళ్ళు. వీళ్ళు భూమిని ఇంటికింత అని పంచుకుని, సర్కారు కోటా కట్టేయగా మిగిలింది ఎవరిది వాళ్ళే ఉంచుకుందామని రాసుకున్నారు. దొరికితే జైలు ఖాయం, అందుకని నాయకుల్ని పట్టుకుపోతే వాళ్ళ పిల్లల్ని మిగతావాళ్ళు సాకాలని కూడా ఆ కాగితంలోనే ఉంది. పంట బ్రహ్మాండంగా వచ్చింది. పైన అప్పటి చైనా పెద్ద నాయకుడు డెంగ్ షావోపింగ్ వర్గం దాన్ని అణచకుండా వదిలేసి మెల్లగా దేశమంతా పెట్టింది, 1984కల్లా కమ్యూన్లు పోయాయి. దేశం మొత్తం ధాన్యం దిగుబడి 1978లో 30 కోట్ల టన్నుల పైచిలుకు ఉన్నది 1984కి 40 కోట్లు దాటింది. అదే భూమి, అదే మనుషులు, పెద్దగా కొత్త పెట్టుబడి కూడా లేదు.

అసలు విశేషం దాని తర్వాత ఉంది. తక్కువ మందితో ఎక్కువ పంట వచ్చేసరికి పొలంలో కోట్ల చేతులు మిగిలిపోయాయి. ఆ చేతులకి ఊరి పక్కనే పని దొరికింది, టౌన్‌షిప్ అండ్ విలేజ్ ఎంటర్‌ప్రైజెస్ అని పంచాయతీ స్థాయి కంపెనీలు, ఇటుకలు, బొమ్మలు, ప్లాస్టిక్, బట్టలు, ఏది అమ్ముడుపోతే అది. 1978లో వాటిల్లో 2.8 కోట్ల మంది చేస్తుంటే 1996కి 13.5 కోట్లు. తర్వాత అక్కడినుంచి సముద్రం ఒడ్డు సిటీలకి. 1980లో షెంజెన్‌ని స్పెషల్ ఎకనామిక్ జోన్ చేసేనాటికి ఆ ప్రాంతం జనాభా 3 లక్షల చిల్లర, 2020 సెన్సస్‌లో 1.75 కోట్లు. 2001 డిసెంబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో చేరాక ప్రపంచమంతా వాళ్ళ మార్కెట్ అయింది. 1978లో చైనాలో పనిచేసేవాళ్ళలో 70 శాతం వ్యవసాయంలో ఉంటే ఇప్పుడు 22-23 శాతం. మనిషి చరిత్రలో ఇంతమంది ఇంత తక్కువ టైంలో పని మార్చుకోవడం ఇంకెక్కడా జరగలేదు.

ఇక్కడ ఒకటి మర్చిపోవద్దు. ఫ్యాక్టరీ గేటు తెరిచేనాటికే లోపలికి వెళ్ళగలిగిన మనిషి అక్కడ తయారుగా ఉన్నాడు. 1982 నాటికి అక్కడ మూడింట రెండొంతుల మందికి చదవడం రాయడం వచ్చు, మన 1981 సెన్సస్‌లో అది 43-44 శాతం. ఆయుష్షు వాళ్ళది 65 అటూ ఇటూ, మనది 53-54. ఆడవాళ్ళు పనికి బయటికి రావడం అక్కడ అప్పటికే మామూలు. ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఈ పాయింట్ ఎప్పటినుంచో చెప్తున్నాడు, సంస్కరణల ఫలితం అందుకోగలిగింది అంతకుముందు పెట్టిన ప్రైమరీ స్కూళ్ళు, ఊరి డాక్టర్ల వల్ల అని. మనం ఐఐటీలు పెట్టాం, మంచిదే, కానీ ఎలిమెంటరీ స్కూల్‌ని గాలికొదిలేశాం. ఐఐటీ కుర్రాడు కాలిఫోర్నియా వెళ్ళాడు, ఊళ్ళో వాళ్ళన్నయ్య పొలంలోనే ఉండిపోయాడు.

ఇది చదివి, ఓహో నియంతృత్వం ఉంటే గ్రోత్ వస్తుందన్నమాట అని కొందరు మొదలుపెడతారు. అదే పార్టీ, అదే పట్టు, 1958-61 మధ్య గ్రేట్ లీప్, అంటే ఒక్క దూకులో దేశాన్ని మార్చేస్తామని చెప్పి కోట్ల మందిని ఆకలితో చంపింది. ప్రభుత్వం రకం మారలేదు, జనాన్ని ఏం చేయనిచ్చిందో అది మారింది.

మన దగ్గరికొద్దాం. 2023-24 సర్వేలో కూడా మన దేశంలో పనిచేసేవాళ్ళలో 46 శాతం వ్యవసాయం మీదే ఉన్నారు, వాళ్ళంతా కలిసి పుట్టించే విలువ దేశం మొత్తంలో 18 శాతం లోపు. ఈ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, మన పేదరికం ఎక్కడుందో వేరే రిపోర్ట్ చదవక్కర్లేదు. రైతు చేతకానివాడని కాదు, ఇద్దరు చేసే పని నలుగురు పంచుకుంటున్నారు, ఎందుకంటే మిగతా ఇద్దరికి పోవడానికి చోటు లేదు.

చోటు ఎందుకు లేదంటే, చాలావరకు మనమే కట్టకుండా ఆపుకున్నాం. నేను లోన్ ఫైళ్ళలో రోజూ చూసిన సంగతే చెప్తా. ఒకే కాంపౌండ్ గోడ లోపల మూడు షెడ్లు, మూడు కంపెనీ పేర్లు, మూడు కరెంట్ మీటర్లు, ఒకటి ఓనరు పేరున, ఒకటి ఆయన భార్య పేరున, ఇంకోటి బావమరిది పేరున. మూడింటికీ మేం వేరే వేరే లోన్ ఇచ్చేవాళ్ళం, ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే మూడింటికీ టీ తెచ్చేది ఒకే కుర్రాడు! ఎందుకంటే 1982 సవరణ తర్వాత వంద మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్ళున్న ఫ్యాక్టరీ మూసేయాలన్నా మనుషుల్ని తీసేయాలన్నా ప్రభుత్వం పర్మిషన్ కావాల్సొచ్చేది, అది వచ్చేది కాదు. దాంతోపాటు స్మాల్ స్కేల్ రిజర్వేషన్, అంటే ఎనిమిది వందలకు పైగా వస్తువులు చిన్న యూనిట్లే చేయాలి, మెషినరీ మీద పెట్టుబడి ఇంత దాటకూడదు అని, 1999లో ఆ లిమిట్ కోటి రూపాయలు. రెడీమేడ్ బట్టలు కూడా 2000 దాకా ఆ లిస్టులోనే. ఆ ఏళ్ళలోనే చైనాలో ఒక్కో కుట్టు ఫ్యాక్టరీలో వేల మంది కూర్చుని ప్రపంచానికంతా చొక్కాలు కుడుతున్నారు. లిస్టులో చివరి ఇరవై వస్తువులు తీసేసింది 2015లో. చిన్నవాడిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు, జరిగింది మాత్రం చిన్నవాడిని పెద్ద కాకుండా కాపాడటం. కొత్త లేబర్ కోడ్‌లలో ఆ వందని మూడొందలు చేశారు, అది కూడా ఎంతో పెద్ద సైజేం కాదు.

1991 గురించి అందరికీ తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తా. రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లే ఉండి బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టిన స్థితిలో మన పీవీ ప్రధాని అయ్యారు, మన్మోహన్ సింగ్‌ని ఆర్థికమంత్రిని చేశారు, జులై 24న ముందు ఇండస్ట్రియల్ పాలసీ, సాయంత్రం బడ్జెట్, ప్రతిదానికీ ప్రభుత్వ అనుమతి కావాల్సిన లైసెన్స్ రాజ్ చాలా పరిశ్రమలకి ఒక్కరోజులో పోయింది. ఆ పాలసీ వచ్చేనాటికి పరిశ్రమల శాఖ కూడా పీవీ చేతిలోనే ఉందని చాలామందికి గుర్తుండదు. దానితో వస్తువులు, విదేశీ పెట్టుబడి, కంపెనీలు ఫ్రీ అయ్యాయి. భూమి, కార్మిక చట్టాలు, కరెంటు బోర్డులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఫలితం ఏమైందంటే ఎక్కువ చదువుకున్న కొద్దిమందితో నడిచే సాఫ్ట్‌వేర్, ఫార్మా, బ్యాంకింగ్ రాకెట్‌లా వెళ్ళాయి, పదో తరగతి చదివిన పిల్లకి పని ఇచ్చే ఫ్యాక్టరీ రాలేదు. అమీర్‌పేట నుంచి డల్లాస్ దాకా మనవాళ్ళు సాధించింది తక్కువేం కాదు, కానీ దేశం మొత్తం ఐటీలో ఉన్నవాళ్ళు యాభై లక్షల పైచిలుకే, పనిచేసే జనాభా యాభై కోట్లకి పైన. వందలో ఒకడు. ఆ ఒక్కడి జీతంతో కట్టిన అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్, డ్రైవర్, స్విగ్గీ కుర్రాడు బతుకుతున్నారు నిజమే, కానీ దాంతో మిగతా తొంభై తొమ్మిది మందీ కదలరు.

పదో తరగతి పిల్లకి పని ఎలా ఉంటుందో చూడాలంటే అచ్యుతాపురం బ్రాండిక్స్‌కో తడ దగ్గర అపాచీ షూ ఫ్యాక్టరీకో షిఫ్ట్ మారే టైంలో వెళ్ళండి, బస్సుల నిండా ఆడపిల్లలే, వేలల్లో. జీతం గొప్పదని నేననను, టార్గెట్ల ఒత్తిడి ఉంటుంది, గొడవలూ జరుగుతుంటాయి. కానీ నాట్లకీ కలుపుకీ వెళ్తే ఏడాదిలో కొన్ని నెలలే పని, ఇక్కడ నెలనెలా జీతం, పీఎఫ్, సొంతంగా బ్యాంకు అకౌంట్. పెళ్ళి నాలుగేళ్ళు వాయిదా పడుద్ది, అది ఇంకో పెద్ద మార్పు. ఇలాంటి ఫ్యాక్టరీలు మనకి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, వందలు కావాలి. చైనాలో వంద మంది ఆడవాళ్ళలో అరవై మంది పనిలోనో పని వెతుకులాటలోనో ఉంటే మనకి 2017-18 సర్వేలో 23 మంది, 2023-24కి 41 దాటింది. కాకపోతే ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం సొంత పొలంలో, ఇంటివాళ్ళ వ్యాపారంలో చేయి కలపడమే, జీతం లేకుండా.

కరెంటు గురించి చెప్పకపోతే నా సర్వీసుకి అన్యాయం. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పవర్ హాలిడేలు గుర్తున్నాయా? వారంలో ఇన్ని రోజులు ఫ్యాక్టరీలు బంద్. మా దగ్గర లోన్ తీసుకున్న స్పిన్నింగ్ మిల్లులు డీజిల్ జనరేటర్ల కోసం మళ్ళీ లోన్‌కి వచ్చేవి, ఆ కరెంటుతో నూలు తీస్తే కిలోకి ఎంత నష్టమో వాళ్ళే లెక్కేసి చూపించేవాళ్ళు, అయినా ఆర్డర్ పోకూడదని నడిపేవాళ్ళు. తమాషా ఏంటంటే అదే టైంలో దేశంలో వేరేచోట్ల కరెంటు మిగిలున్నా మనకి సరిపడా పంపే దారి లేదు, సదరన్ గ్రిడ్ ఒక్కటే మిగతా దేశంతో సింక్ కాకుండా ఉండేది. రాయచూర్-షోలాపూర్ లైను ఎక్కించి గ్రిడ్ కలిపింది 2013 డిసెంబర్ 31న. తర్వాత కొత్త ప్లాంట్లు, సోలార్ కూడా తోడయ్యాయి, ఇప్పటి పిల్లలకి పవర్ హాలిడే అంటే ఏంటో కూడా తెలియదు. ఎవరూ ఓట్లేయని, ఎవరి ఫొటో ఉండని ఇలాంటి పనుల దగ్గరే ప్రొడక్టివిటీ పెరిగేది.

పెద్ద దేశం కావడం వల్ల లాభం కూడా ఇక్కడే ఉంది. సింగపూర్ ఎగుమతులు లేకపోతే బతకదు, మనకీ అమెరికాకీ చైనాకీ లోపలే పెద్ద మార్కెట్ ఉంది. కానీ లోపల గోడలుంటే పెద్ద దేశం అన్నది మ్యాప్‌లోనే. 2017 జులై దాకా విజయవాడలో లోడెత్తిన లారీ ఢిల్లీ చేరాలంటే రాష్ట్రానికో చెక్‌పోస్ట్, రాష్ట్రానికో పన్ను, డ్రైవర్లు రాత్రుళ్ళు అక్కడే వంట చేసుకునేవాళ్ళు. జీఎస్టీలో తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, రేట్లు, రిటర్నులు, చిన్న వ్యాపారి పడ్డ అవస్థ, అయినా ఆ చెక్‌పోస్టులు పోవడం ఒక్కటి మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటా. అమెరికా వాళ్ళు రాష్ట్రాలు ఒకదాని సరుకు మీద ఒకటి సుంకం వేయకూడదని 1787 రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

ఇంక పెట్టుబడి. చైనా జీడీపీలో 40 శాతానికి పైగా ఏళ్ళ తరబడి పెట్టుబడికే పెట్టింది, మనం 30 దాటి అటూ ఇటూ. కాబట్టి పెట్టుబడి పెంచితే సరిపోద్ది అనుకోకండి. బ్యాంకర్‌గా చెప్తున్నా, మొదటి బ్రిడ్జి ఊరిని మారుస్తుంది, రెండోది ట్రాఫిక్ తగ్గిస్తుంది, మూడోది కాంట్రాక్టర్‌ని మారుస్తుంది. సోవియట్ యూనియన్ ఇలాగే రైతుల్ని ఫ్యాక్టరీల్లోకి తోలి, స్టీలు మీద స్టీలు పోసి 1950ల్లో ప్రపంచాన్ని భయపెట్టింది, తోలడానికి మనుషులు అయిపోయాక ఎన్ని మిషన్లు పెట్టినా కదల్లేదు, కొత్త పద్ధతి కనిపెట్టినవాడికి అక్కడ లాభం లేదు కాబట్టి. చైనా ఆ స్థితికి పోలేదు కానీ ఇప్పుడు ఆ సూచనలు కొన్ని కనపడుతున్నాయి, ఎవరూ చేరని టవర్లు, 2021లో చేతులెత్తేసిన రియల్ ఎస్టేట్ కంపెనీ ఎవర్‌గ్రాండ్, 2022 నుంచి తగ్గుతున్న జనాభా. జపాన్ కూడా ఇలాగే 1955 నుంచి 1973 దాకా ఏటా 9 శాతం పైన పెరిగింది, తర్వాత అక్కడి షేర్ మార్కెట్ సూచీ నిక్కీ 1989 చివర్లో ఉన్న స్థాయికి మళ్ళీ రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

మార్చాల్సిన మనుషులు అయిపోయాక మిగిలేది కొత్త ఆలోచనలే. రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త 1957లో అమెరికా లెక్కలు తీశాడు, 1909 నుంచి 1949 మధ్య గంటకి ఉత్పత్తి రెట్టింపైతే అందులో మిషన్లు పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే, మిగతా ఏడు వంతులు పని చేసే పద్ధతి మారడం వల్ల. అదీ వెంటనే రాదు. ఎడిసన్ న్యూయార్క్‌లో పవర్ స్టేషన్ పెట్టింది 1882లో, ఫ్యాక్టరీల్లో దాని ఫలితం గట్టిగా కనపడింది 1920ల్లో. ఎందుకంటే మొదట్లో ఆవిరి ఇంజన్ తీసి అదే చోట పెద్ద మోటార్ పెట్టారు, షాఫ్టులు బెల్టులు అన్నీ పాతవే. మిషన్‌కో చిన్న మోటార్ పెట్టి షెడ్డు మొత్తం పని వరసలో మళ్ళీ కట్టుకున్నాకే లాభం వచ్చింది. ఏఐ రాగానే జీడీపీ లేచిపోద్దని అనేవాళ్ళకి నేను చెప్పేది ఈ నలభై ఏళ్ళ సంగతే. 2025 ఎకనామిక్స్ నోబెల్ జోయెల్ మోకిర్, ఫిలిప్ అఘియాన్, పీటర్ హోవిట్‌లకి వచ్చింది కూడా ఈ సబ్జెక్ట్ మీదే, పాత కంపెనీని కొత్తది పడగొట్టనిచ్చే దేశాలే ఆగకుండా పెరుగుతాయని. రీసెర్చ్ మీద అమెరికా జీడీపీలో 3.5 శాతం, చైనా 2.5 పైన పెడుతుంటే మనం 0.64 దగ్గర ఉన్నాం. ఇది సిగ్గుపడాల్సిన నంబరే, కానీ మన ఆర్డర్‌లో ఇది రెండోది, ముందు పొలంలో మిగిలిపోయిన చేతుల సంగతి.

2047కి మనం ధనిక దేశం అవుతామా అని చివర్లో అడిగారు. ప్రపంచ బ్యాంకు 2025లో లెక్కేసింది, అప్పటిదాకా సగటున ఏటా 7.8 శాతం కావాలని, 2000 నుంచి 2024 దాకా మన సగటు 6.3. అసాధ్యం కాదు గానీ ఇప్పుడున్న దారిలో రాదు. మూడు నెలలకోసారి వచ్చే జీడీపీ నంబర్ చూసి టీవీల్లో కొట్టుకుంటారు, మీరు అది వదిలేసి ఎవరెవరు ఏ పనిలో ఉన్నారో ప్రభుత్వం లెక్కేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే ఏడాది రిపోర్ట్‌లో వ్యవసాయంలో ఎంతమంది ఉన్నారో ఆ ఒక్క లైను చూడండి. 2018-19లో 42.5 శాతానికి దిగింది. కోవిడ్‌లో సిటీల నుంచి నడుచుకుంటూ ఊళ్ళకి వెళ్ళినవాళ్ళతో పెరిగింది, సరే, అప్పుడు తప్పదు. తర్వాత వరసగా మూడేళ్ళు జీడీపీ 7 శాతం పైన పెరిగిందన్నారు, అయినా 2023-24లో ఆ లైను 46.1 దగ్గరే ఉంది.